గాడి పడ్డ యాక్సిల్: వెల్డింగ్ చేయించాలా, కొత్తది వేయాలా?

ప్రశ్న: మాది పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి. వెనక కుడి చక్రం డ్రమ్ములోకి గేర్ ఆయిల్ కారుతోంది. ఆరు నెలల్లో రెండుసార్లు ఆయిల్ సీల్ మార్చినా మళ్లీ అదే తంతు. 40 కిలోమీటర్ల వేగం దాటితే హోరు మొదలవుతుంది, ఎడమ వైపు మలుపులో ఇంకా పెరుగుతుంది. షాఫ్ట్ బయటికి తీస్తే సీల్ ఆనే చోట ఒక గాడి, బేరింగ్ కూర్చునే చోట నీలంగా మాడి అరిగిన మచ్చ కనిపించాయి. పాత బేరింగ్ చేత్తో లాగితేనే జారి వచ్చింది. అరిగినచోట వెల్డింగ్ నింపి లేత్ మీద తిప్పిస్తే కొత్తదానిలా అవుతుందని మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా? కొత్తది వేస్తే ఒక వైపు చాలా, రెండు వైపులా మార్చాలా? బండికి పెద్ద టైర్లు, చక్రాలను బయటికి జరిపే 30 మిల్లీమీటర్ల స్పేసర్లు ఉన్నాయి. తరచూ వాగులు దాటుతుంటాం.

సమాధానం: వెల్డింగ్ వద్దు. ఆ షాఫ్ట్ పని అయిపోయింది. అయితే కొత్త షాఫ్ట్ తెచ్చి అదే హౌసింగ్‌లోకి (షాఫ్ట్ ఉండే గొట్టంలోకి) తోసేస్తే ఏడాది తిరక్కుండా ఇదే ప్రశ్న మళ్లీ రాస్తారు. పాతది ఎందుకు అరిగిందో తేల్చుకున్నాకే కొత్తది ఎక్కించండి.

మీరు చెప్పిన గుర్తులను బట్టి మీది సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్. అంటే ఇంజిన్ తిప్పే బలాన్నీ, ఆ మూల మీద పడే బండి బరువునూ ఒకే షాఫ్ట్ మోస్తుంది. ఫుల్ ఫ్లోటింగ్ రకంలో బరువంతా హబ్బులోని రెండు టేపర్ బేరింగుల మీద ఉంటుంది, షాఫ్ట్‌కు తిప్పడం ఒక్కటే పని. అందులో షాఫ్ట్ రెండు ముక్కలైనా చక్రం ఊడదు. మీ బండిలో బేరింగ్‌కు బయటి వైపు విరిగితే చక్రం డ్రమ్ముతో సహా వెళ్లిపోతుంది. రిపేరు ఎంతవరకు పనికొస్తుందని ఆలోచించేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

గాడి ఎంత లోతుంది అన్నదానికంటే ఎక్కడ పడింది అన్నది ముఖ్యం. సీల్ పెదవి రాసుకునే చోట గాడి పడితే అది పెద్ద జబ్బు కాదు. గోరు ఆనీ ఆననంత గాడికి పావు మిల్లీమీటరు మందముండే రిపేర్ స్లీవ్ దొరుకుతుంది. దాన్ని షాఫ్ట్ మీదికి ఎక్కిస్తే సీల్‌కు కొత్త నునుపు దొరుకుతుంది. సీల్‌ను రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో కూర్చోబెట్టే వీలున్న హౌసింగుల్లో ఆ స్లీవ్ కూడా అక్కర్లేదు, పెదవి గాడి పక్కన పడితే చాలు. మీకు వచ్చిన చిక్కు బేరింగ్ సీటు అరగడం. బేరింగ్ లోపలి రింగు షాఫ్ట్ మీద బిగువుగా, ప్రెస్ మీద నొక్కితేనే ఎక్కేలా ఉండాలి. చేత్తో జారిందంటే రింగు షాఫ్ట్ మీదే తిరుగుతూ దాన్ని కోసింది. ఆ నీలం మచ్చ దాని వేడికి పడ్డదే. మైక్రోమీటర్‌తో అరిగినచోట ఒక కొలత, బేరింగ్ ఆనని పక్క అంచులో ఒక కొలత తీసుకోండి. బిగువు అనేది మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల లెక్క. మూడు నాలుగు వందో వంతులు తగ్గితే చాలు, ఇక పట్టదు.

వెల్డింగ్ ఎందుకు వద్దంటున్నామంటే, ఈ షాఫ్టులు సాధారణంగా 1040, 1541 గ్రేడుల లాంటి మధ్యస్థ కార్బన్ ఉక్కుతో చేస్తారు. పై చర్మాన్ని కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు ఇండక్షన్ హార్డెనింగ్‌తో (కరెంటుతో వేడిచేసి వెంటనే చల్లార్చడం) గట్టిపరుస్తారు, లోపలి గుజ్జును మెత్తగా, సాగేలా వదిలేస్తారు. ఆ పొందికే దాని బలం. వెల్డింగ్ ఆర్క్ తగలగానే ఆ చర్మం ఒకచోట మెత్తబడుతుంది, ఆ పక్కనే త్వరగా చల్లారిన చోట గాజులా పెళుసెక్కుతుంది. ఈ రెంటి సరిహద్దులోనే పగులు పుడుతుంది. లేత్ మీద తిప్పాక పైకి నునుపుగా మెరుస్తుంది కాబట్టి లోపల జరిగింది కంటికి ఆనదు.

పైగా షాఫ్ట్ అంతటిలో ఎక్కువ వంపు పడేది ఆ బేరింగ్ దగ్గరే. చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ పైపొర ఒకసారి ఒత్తిడికి, ఒకసారి లాగుడికి గురవుతుంది. 700 మిల్లీమీటర్ల టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అంటే కిలోమీటరుకు 455 చుట్లు, 100 కిలోమీటర్లకు 45 వేల వంపులు. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపడం తెలుసు కదా, ఇదీ అదే పని, కాస్త నెమ్మదిగా. అరిగిన సీటు మీద పంచ్‌తో చుక్కలు కొట్టి బేరింగ్‌ను బిగువు చేయడం ఇంకో చిట్కా. ఆ చుక్కల మొనలు కొద్ది రోజుల్లోనే నలిగిపోతాయి, గుంటలు మాత్రం పగుళ్లకు విత్తనాలుగా మిగులుతాయి. బేరింగ్ అతికించే రసాయనాలు పంపులకు, మోటార్లకు సరే. చక్రాన్ని బండికి పట్టి ఉంచే చోట వాటిని నమ్ముకోవద్దు.

ఇక అరగడానికి కారణాలు. మీ ఉత్తరంలోనే మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది స్పేసర్. టైరు నడిమి గీతకూ బేరింగ్‌కూ మధ్య 60 మిల్లీమీటర్ల దూరం ఉందనుకుందాం. 30 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే అది 90 అవుతుంది. బండి బరువు పిసరు పెరగకపోయినా బేరింగ్ దగ్గర వంచే బలం ఒకటిన్నర రెట్లయింది. పెద్ద టైరు దీనికి తోడు. టైరు వ్యాసం పది శాతం పెరిగితే అదే పట్టుకు షాఫ్ట్ మీద మెలిపెట్టే బలం కూడా పది శాతం పెరుగుతుంది. కొత్త షాఫ్ట్‌తో పాటు స్పేసర్లు తీసేసి, సరైన ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమి గీతకూ బిగించే ముఖానికీ మధ్య దూరం) ఉన్న రిమ్ములు వేసుకోవడం మంచిది.

రెండోది బ్రీదర్. హౌసింగ్ పైన, రెండు చక్రాలకూ బలాన్ని పంచే డిఫరెన్షియల్‌కు దగ్గర్లో చిన్న గాలి గొట్టమో మూతో ఉంటుంది. పాత బండ్లలో అది బురదతో పూడిపోయి, దాని ఊసే ఎవరికీ గుర్తుండదు. బండి నడిచి నూనె వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. దారి లేకపోతే సీల్ పెదవిని నెట్టుకుని నూనెతో సహా బయటికొస్తుంది. మీరు రెండుసార్లు మార్చిన సీళ్లలో తప్పు ఉండకపోవచ్చు. వాగులో దిగినప్పుడు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. వేడి హౌసింగ్ చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. నీరు కలిసిన నూనె పాల టీ రంగులోకి మారుతుంది. మీ నూనె ఆ రంగులో ఉంటే బేరింగ్ ఎందుకు పోయిందో వేరే వెతకనక్కర్లేదు. బ్రీదర్ ఊడదీసి నోటితో ఊది చూడండి, గాలి సులువుగా ఆడాలి. ఆ తర్వాత దానికి నూనెను తట్టుకునే రబ్బరు పైపు తగిలించి బాడీ పైభాగం దాకా తీసుకెళ్లి, చివర చిన్న ఫిల్టర్ పెట్టండి. యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినా పైపు తెగకుండా వదులు ఉంచాలి.

మూడోది వంగిన హౌసింగ్. దీన్ని చాలామంది చూడరు. గుంతల్లో బండి ఎగిరి పడితే యాక్సిల్ ట్యూబు కాస్త వంగుతుంది. అప్పుడు సీల్, బేరింగ్ ఒక వరసలో, షాఫ్ట్ కొన ఇంకో వరసలో ఉంటాయి. ఎన్ని సీళ్లు మార్చినా ఒకే పక్క అరుగుతాయి. బండి చదునైన నేల మీద నిలిపి, వెనక టైర్లు రెంటికీ నడిమి గీత మీద, హబ్బు ఎత్తులో, వెనక వైపు సుద్దతో గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. బండిని సరిగ్గా అర చుట్టు ముందుకు నెట్టితే అవే గుర్తులు ముందు వైపుకు, అదే ఎత్తుకు వస్తాయి. మళ్లీ కొలవండి. అవే గుర్తులతో కొలుస్తున్నారు కాబట్టి రిమ్ము వంకర లెక్కలోకి రాదు. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ట్యూబును అనుమానించాల్సిందే. పైకి వంగిందేమో చూడటానికి రిమ్ము అంచు మీద నిలువుగా రసమట్టం ఆనించి రెండు వైపులా పోల్చండి. ఇంకో పరీక్ష కొత్త షాఫ్ట్ వచ్చాక. సీల్ లేకుండా దాన్ని చేత్తో లోపలికి తోస్తే కొన మీది పళ్లు, అంటే స్ప్లైన్లు, పెద్దగా ఎత్తిపెట్టకుండానే డిఫరెన్షియల్‌లోని సైడ్ గేర్‌లోకి దూరాలి. ప్రతిసారీ కొన ఒకే పక్కకు కొట్టుకుంటుంటే ట్యూబు వంగినట్టే, ముందు దాన్ని సరిచేయించాలి.

హోరు విషయంలో మీ గమనింపు సరైనదే. ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది, అప్పుడు శబ్దం పెరిగితే కుడి బేరింగే. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా మారే శబ్దమైతే డిఫరెన్షియల్‌ను తిప్పే క్రౌన్ పినియన్ గేర్ల వైపు చూడాల్సి వచ్చేది.

రెండు వైపులా మార్చాలా అంటే, బేరింగులు, సీళ్లు రెండు వైపులా మార్చండి, అవి ఒకే వయసువి. ఎడమ షాఫ్ట్‌ను మాత్రం తీసి పరీక్షించి నిర్ణయించుకోండి. ముందు స్ప్లైన్ పళ్లు చూడాలి. పళ్ల గీతలు షాఫ్ట్‌తో పాటు తిన్నగా సాగాలి. జడ అల్లినట్టు కొద్దిగానైనా మెలి తిరిగి ఉంటే ఆ ఉక్కు ఒకసారి లొంగిపోయింది, పక్కన పెట్టేయండి. పళ్ల పక్కల్లో మెట్టులా అరుగుదల ఉన్నా అంతే. తర్వాత వీ బ్లాకుల (వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద పెట్టి, ఊగును ముల్లుతో చూపే డయల్ గేజ్‌తో తిప్పి చూడండి. చక్రం బిగించే ఫ్లాంజ్ ముఖం ఊగు సాధారణంగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, మీ బండి మాన్యువల్‌లోని అంకెదే తుది మాట. చివరిగా పగుళ్ల పరీక్ష. ఎర్ర రంగు పెనెట్రెంట్, తెల్ల డెవలపర్ డబ్బాల్లో దొరుకుతాయి. శుభ్రంగా తుడిచి ఎర్ర రంగు కొట్టి పది పదిహేను నిమిషాలు ఆగాలి. గుడ్డతో తుడిచేసి తెల్లది కొడితే పగులు ఉన్నచోట వెంట్రుక లాంటి ఎర్ర గీత తేలుతుంది. ఫ్లాంజ్ మొదట్లోని గుండ్రటి మలుపు, స్ప్లైన్లు ఆగిపోయే చోటు, బేరింగ్ సీటు అంచు: ఈ మూడు చోట్లే ఎక్కువగా పగులుతుంది.

పాత సామాన్ల నుంచి షాఫ్ట్ తెచ్చుకుంటే ఈ పరీక్షలన్నీ దానికీ చేయాలి. ఎడమ వైపుది కుడికి వేయొద్దు. చాలా బండ్లలో పొడవులే వేరు. ఒకవేళ పొడవు కుదిరినా, ఏళ్ల తరబడి ఒక దిశలో మెలి బలానికి అలవాటుపడిన ఉక్కును రెండో పక్క వేస్తే మెలి ఎదురు దిశలో పడుతుంది. తీసేటప్పుడే దేనిది ఏ వైపో రాసి పెట్టుకోండి.

కొత్తది ఆర్డర్ చేసేముందు కొలవాల్సినవి: ఫ్లాంజ్ ముఖం నుంచి స్ప్లైన్ కొన దాకా పొడవు, బేరింగ్ సీటు వ్యాసం, స్ప్లైన్ బయటి వ్యాసం, పళ్ల సంఖ్య, ఫ్లాంజ్ మీద బోల్టుల సంఖ్య, వాటి వలయం వ్యాసం. పళ్లు లెక్కపెట్టేటప్పుడు మొదటి పన్నుకు సుద్ద రాసి రెండుసార్లు లెక్కపెట్టండి. మోడల్ పేరు చెప్పి ఊరుకోవద్దు, అంత పాత బండిలో ఎవరో ఎప్పుడో డిఫరెన్షియల్ మార్చి ఉండొచ్చు. 4340 క్రోమోలీ (ఇంకా బలమైన మిశ్రమ ఉక్కు) షాఫ్ట్ గురించి ఎవరైనా చెబితే, రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్ ఉంటేనే దాని గురించి ఆలోచించండి. మామూలు డిఫరెన్షియల్ రెండు వైపులకూ బలాన్ని సమానంగా పంచుతుంది. లాకర్ వేస్తే ఒక చక్రం గాల్లో ఉన్నప్పుడు మొత్తం బలం ఒకే షాఫ్ట్ మోయాలి. ఆ అవసరం లేనిచోట బలమైన షాఫ్ట్ వేస్తే విరిగేది షాఫ్ట్ బదులు క్రౌన్ పినియన్ అవుతుంది, అది ఇంకా ఖరీదు.

పని మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. హ్యాండ్ బ్రేక్ ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పనిచేసే పాత బండ్లు ఉన్నాయి. అలాంటి బండిలో ఒక వెనక చక్రం లేపగానే డిఫరెన్షియల్ పుణ్యమా అని బండి హ్యాండ్ బ్రేక్‌తో సహా దొర్లుతుంది. గేర్‌లో ఉంచినా అంతే. ముందు చక్రాలకు రెండు పక్కలా దిమ్మెలు పెట్టి, యాక్సిల్ ట్యూబుల కింద స్టాండులు వేశాకే చక్రం ఊడదీయండి. డ్రమ్ములోని దుమ్మును ఊదొద్దు, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవండి.

నూనె తీసేటప్పుడు ముందు నింపే బిరడా విప్పి చూడండి. అది పట్టేసి ఉందని కింది బిరడా విప్పి నూనెంతా కార్చేశాక తెలిస్తే బండి అక్కడే ఆగిపోతుంది. అయస్కాంతం ఉన్న బిరడాకు బూడిద రంగు ముద్ద అంటుకోవడం మామూలే. పెళుసుగా రేకులో, పళ్ల ముక్కలో దొరికితే డిఫరెన్షియల్ కూడా విప్పాలి.

కొత్త షాఫ్ట్ మీద సామాన్లు ఎక్కించే వరస తప్పితే అంతా వృథా. ముందు రిటైనర్ ప్లేటు (బేరింగ్‌ను హౌసింగ్‌కు బిగించి పట్టే రేకు), ఆ ప్లేటు వైపు సీల్ ఉండే రకమైతే సీల్, తర్వాత బేరింగ్, చివర లాక్ రింగు. ప్లేటు మరచి బేరింగ్ నొక్కేస్తే కొత్త బేరింగ్‌ను, రింగును పగలగొట్టడం తప్ప దారి లేదు. బేరింగ్‌ను లోపలి రింగు మీదే నొక్కాలి. బయటి రింగు మీద నొక్కితే గుండ్లు తమ దారిలో గుంటలు పెడతాయి, మొదటి రోజు నుంచే హోరు. బేరింగ్‌నూ రింగునూ కలిపి ఒకేసారి నొక్కవద్దు, ఒకటి పూర్తిగా కూర్చున్నాకే రెండోది.

ఆ లాక్ రింగు గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. వేలెడంత వెడల్పు ఇనుప కట్టు అది. చక్రం బయటికి జారకుండా ఆపేది అదొక్కటే. ఎప్పుడూ కొత్తదే వేయాలి. కొన్ని మాన్యువళ్లు రింగును 150 డిగ్రీల దాకా వేడిచేసి ఎక్కించమంటాయి. ఓవెన్‌లోనో వేడి నూనెలోనో చేయాలి, గ్యాస్ మంట వద్దు. వేడి చేయని రకమైతే ప్రెస్ గేజ్ మీద కన్నేయండి. బలం క్రమంగా పెరుగుతూ రావాలి. రింగు వెన్నలో కత్తిలా జారిపోతే షాఫ్టో రింగో కొలత తప్పింది, వెనక్కి ఇచ్చేయండి. ఎడమ వైపు పాత రింగు తీయడానికి దానిలో 6 మిల్లీమీటర్ల రంధ్రం ముక్కాలు లోతు దాకా వేసి, ఉలితో ఒక దెబ్బ వేస్తే విచ్చుకుంటుంది. డ్రిల్లు షాఫ్ట్‌కు తగలకూడదు.

సీల్‌ను తిన్నగా, తగిన వ్యాసమున్న గొట్టంతో కొట్టి కూర్చోబెట్టండి. స్ప్రింగ్ ఉన్న పెదవి నూనె వైపు ఉండాలి. పెదవికి గేర్ ఆయిల్ రాయండి. షాఫ్ట్ తోసేటప్పుడు దాని బరువు సీల్ మీద ఆనకుండా రెండు చేతులతో మోయాలి. స్ప్లైన్ పన్ను ఒక్కసారి గీరినా ఆ సీల్ కారుతుంది. షిమ్‌లు (సందు సరిచేసే పలుచని రేకులు) ఉన్న రకమైతే డయల్ గేజ్‌తో ఎండ్ ప్లే, అంటే షాఫ్ట్ లోపలికీ బయటికీ ఆడే వదులు, చూడాలి. అది సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు చుట్టుపక్కల ఉంటుంది, ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో దొరుకుతుంది.

నూనె తడిసిన బ్రేక్ లైనర్లను పెట్రోలుతో కడిగి వాడేవాళ్లున్నారు. లోపలికి ఇంకిన నూనె డ్రమ్ము వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. రెండు చక్రాలకూ కొత్త లైనర్లు వేయండి.

నూనె మాన్యువల్ చెప్పిందే పోయాలి. ఈ వెనక డిఫరెన్షియళ్లకు చాలావరకు జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ సరిపోతుంది. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే ఊరికే జారి తిరగకుండా ఆపే) రకమైతే దానికి తగిన ఫ్రిక్షన్ మాడిఫయర్ కూడా కలపాలి. బండి సమంగా నిలిపి, నింపే రంధ్రం అంచుకు నూనె తాకే దాకా పోస్తే చాలు. ఎక్కువ పోస్తే అది కూడా సీల్ వైపే దారి వెతుక్కుంటుంది.

మొదటి 20 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, గట్టిగా బ్రేకులు వేయకుండా ఆపి, రెండు డ్రమ్ముల దగ్గర చెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి పోల్చండి. ఒకటి వేడిగా, ఇంకొకటి చల్లగా ఉంటే వేడిగా ఉన్నవైపు మళ్లీ విప్పాలి. చక్రం నట్లు 50 కిలోమీటర్లు దాటాక ఒకసారి, 500 దాటాక ఇంకోసారి బిగించి చూడండి. వాగు దాటిన ప్రతిసారీ, ఆ రాత్రి బండి కదలకుండా ఉంచి, మర్నాడు పొద్దున్నే కింది బిరడాను కాస్త వదులు చేయండి. నూనె కంటే బరువైన నీరు అడుగున చేరి ఉంటుంది కాబట్టి ముందు చుక్క నీళ్లే వస్తే నూనె మొత్తం మార్చేయండి.